దిబ్బదేశం జెండాలో ఖాకీ రంగు

సొంతంగా ఒక దేశాన్ని ఊహించుకుని దాని జెండా గీయమని మా అమ్మాయికి బడిలో పని ఇచ్చారు. నాకూ చిన్నప్పుడు ఒక దేశం ఉండేదని గొప్పగా చెప్పాను. ఎండాకాలంలో గోదావరి తగ్గితే పర్ణశాల దగ్గర తేలే ఇసుక దిబ్బే మా దిబ్బదేశం. జనాభా ఐదుగురు పిల్లలు, మా అటుకుల కోసం రోజూ వచ్చే ఒక కాకి. ఆ కాకే మా జెండా మీద ఉండాలని తీర్మానించి, తెల్లగుడ్డ పట్టుకుని టైలర్ మస్తాన్ చాచా దగ్గరికి వెళ్లాం. ఆయన గుడ్డ మధ్యలో గుండ్రంగా ఖాకీ ముక్క కుట్టి ఇచ్చాడు. కాకి అడిగితే ఖాకీ అనుకున్నాడట. గొడవపడి, ఓటేసుకుని, ఖాకీ అంటే మన ఇసుక రంగే కదా అని సరిపెట్టుకుని ఆ జెండానే ఎగరేశాం. కానీ అక్కసు కొద్దీ ఆయనకు చెవుడు చాచా అని పేరు పెట్టింది నేనే. కథంతా విన్న మా అమ్మాయి, ఆయనకు నిజంగానే చెవుడా అని అడిగింది. ఎన్నో ఏళ్ల తర్వాత సిగ్గేసింది.

చాచాకు క్షమాపణ చెప్పుకోవాలని ఆదివారం పొద్దున ఆరింటికి ఖమ్మంలో బస్సెక్కాను. ఏన్కూరు దాటాక కిటికీలోంచి చల్లగాలి, కొత్తగూడెం తర్వాత రెండు పక్కలా అడవి. మా నాన్న పర్ణశాల బడికి బదిలీ అయినప్పుడు ఇదే దారిలో సామాన్ల లారీలో ఆయన ఒళ్లో కూర్చుని వచ్చాను. తొమ్మిదిన్నరకు భద్రాచలంలో దిగి, రానూపోనూ ఎనిమిది వందలకు ఆటో మాట్లాడుకున్నాను. గంట ప్రయాణం. టైలర్ మస్తాన్ గారి దుకాణం తెలుసా అని డ్రైవర్ని అడిగాను.

"చెవుడు మస్తానా? ఆయన ఎవరికి తెల్వదక్కా" అన్నాడు.

నేను పెట్టిన పేరు ఇంకా బతికే ఉంది.

చాచా గుమ్మంలో కూర్చుని గుండీలు కుడుతున్నాడు. జుట్టంతా నెరిసింది. నేను పంతులు గారి అమ్మాయినని గట్టిగా అరిచి చెప్పాను. పక్కన కూర్చోమన్నాడు. ఆ మాట ఎలా ఎత్తాలో తెలియక, తల వంచుకుని, ఆ పేరు పెట్టింది నేనే చాచా, క్షమించు అని నాలో నేను గొణుక్కున్నాను.

"గంత మాట ఎందుకు బిడ్డా" అన్నాడు, సూది ఆపకుండానే.

ఉలిక్కిపడి చూశాను. ఆయన నవ్వాడు.

"నాకు చెవుడు ఎన్నడు లేదు. మీరు కాకి అన్నది మంచిగనే వినవడ్డది. కాకి బొమ్మ కుట్టుడు నాకు రాదు. ఫారెస్టోళ్ల బట్ట ముక్క మిగిలుంటే కుట్టిచ్చిన."

మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెవుడంటే మంది జాలిపడ్తరు. పని రాదంటే టైలర్ దగ్గరికి ఎవరొస్తరు?" దారం కొరికి తెంచాడు. "మా ఇంటామె గూడ పొయ్యేదాక నాతోని గట్టిగనే మాట్లాడింది. ఆమెకు గూడ చెప్పలే. ఒక్కపారన్న మెల్లగ పిలిపిచ్చుకుంటే బాగుండు."

ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆయనే మంచినీళ్లు ఇచ్చాడు. ఇదంతా రాయొచ్చా అంటే, ఇంక ఎవరికోసం దాచాలె, రాసుకో అన్నాడు.

తిరుగు ప్రయాణంలో మా జెండా గురించే ఆలోచించాను. అది చినిగిపోయి ఏ వరదలోనో పోయింది. ఐదుగురు పిల్లల ముందు చిన్నబోవడం ఇష్టంలేక ఒక మనిషి ఆడిన చిన్న అబద్ధం, నా ఎగతాళి తోడై, ఒక కాపురం మొత్తం సాగింది.

మీరూ వెళ్లాలనుకుంటే ఏప్రిల్‌లో వెళ్లండి, దిబ్బ తేలి ఉంటుంది. పది దాటితే ఇసుక కాళ్లు కాలుస్తుంది కాబట్టి ముందు రోజే భద్రాచలం చేరుకోండి. చాచా దుకాణంలో మాత్రం మెల్లగా మాట్లాడండి.