బాపు కుడిచెయ్యి

బండి మీద నుంచి పడి మా బాపు తలకు దెబ్బ తగిలినప్పుడు కరీంనగర్‌లో ఆపరేషన్ చేసి ప్రాణం నిలబెట్టారు. మాట వచ్చింది, నడక వచ్చింది. కుడిచెయ్యి మాత్రం మొండికేసింది. ఇంటికి పంపేటప్పుడు వ్యాయామం చేయించే మేడమ్ నాకు ఒక్కటే చెప్పింది.

"అన్నం తినుడు, గుండీలు పెట్టుకునుడు, అన్నీ ఆ చేత్తోనే చెయ్యనియ్యి. ఎంతసేపైనా నువ్వు ముట్టొద్దు. ఇప్పుడు పోయిన నెలలు మల్ల రావు."

తలూపాను. తలూపడానికి నాదేం పోయింది!

ఇంట్లో నాలుగు సాంచెలు, అదే, మరమగ్గాలు. అవి నడుస్తున్నంతసేపూ నేను పక్కనే ఉండాలి, పోగు తెగితే అతకాలి. బాపు ఒక్క గుండీ పెట్టుకునేసరికి నాకు ప్రాణం విసిగేది.

"జర ఆగు బిడ్డా, నేనే పెట్టుకుంట."

"నీతోని ఎప్పటికైతది బాపూ? ఇటు తే."

రెండు రోజులు ఓపిక పట్టాను. మూడోనాడు అన్నం కలిపి నేనే ముద్దలు పెట్టాను. చూడవచ్చిన చుట్టాలు మురిసిపోయారు. "కొడుకంటే గిట్లుండాలె" అని మా పెద్దమ్మ కళ్లొత్తుకుంది. మా వాడలో జబ్బున పడ్డ తండ్రితో పని చేయిస్తే పాపిష్టి కొడుకు, నోట్లో ముద్ద పెడితే బంగారు కొడుకు. ఆ పేరు నాకూ తియ్యగానే ఉండింది. నాది తొందర అని నాకు తెలుసు. సేవ అని చెప్పుకున్నాను, అంతే.

నాలుగు నెలలకు మళ్లీ మేడమ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె ఇంకా ఏమీ అడగనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేనే ముందు నోరు తెరిచాను.

"రోజూ అన్నీ ఆ చేత్తోనే చేయిస్తున్న మేడమ్."

"ఎక్కడిదమ్మా!" అన్నాడు బాపు, గర్వంగా. "నా కొడుకు నన్ను ఒక్క పని ముట్టనిస్తలేడు. తినపెట్టుడు, అంగి తొడుగుడు, అన్నీ వీడే."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. మేడమ్ బాపు చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, ముడుచుకుపోయిన వేళ్లను ఒక్కొక్కటే విప్పబోయింది. నొప్పికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"శాన గట్టిపడ్డయ్ తాతా," అంది ఆమె మెల్లగా. "ఈ చెయ్యి ముందటి లెక్క మల్ల వచ్చుడు కష్టమే."

బాపు ఎడమచేత్తో నా భుజం పట్టుకున్నాడు.

"రాకుంటే ఏమాయె మేడమ్? వీడున్నడు గదా."