నేను చదివిన దొంగ ఆమెన్లు

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్న ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒకటి ఉంటుందని నేను అనుకునేదాన్ని కాదు. ఇప్పుడు ఖమ్మంలో ఒక ల్యాబులో పొద్దస్తమానం రక్తపరీక్షలు చేసుకుంటూ, తెలియనివి రోజురోజుకీ పెరుగుతుంటే అప్పుడప్పుడు అన్నీ తెలిసిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఇల్లందు పక్కన మా గూడెంలో (మరీ అడవి మధ్యేమీ కాదు, బస్సు దిగి ఇరవై నిమిషాలు నడిస్తే చాలు) ఎవరి ఫోను మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. నేను దాన్ని ఆపి, మళ్ళీ ఆన్ చేసి ఇచ్చేదాన్ని. నూటికి తొంభైసార్లు ఆ వైద్యానికే కుదుటపడేది. మిగతా పదిసార్లూ అదే చేసేదాన్ని, కాకపోతే మొహం కాస్త గంభీరంగా పెట్టేదాన్ని. అలా సంపాదించుకున్న పేరు చూసుకునే మా నానమ్మకు ఫోను నేర్పే పని నెత్తికెత్తుకున్నాను.

నానమ్మకు చదువు రాదు. కానీ తాత బొగ్గుబాయిలో పనిచేసిన కాలం నుంచీ ప్రతి గురువారం పొద్దున మా వసారాలో ఆడవాళ్ళ ప్రార్థన కూడిక జరిగేది, నడిపించేది నానమ్మే. పుస్తకం లేదు, కాగితం లేదు. ఎవరి బిడ్డకు జ్వరం, ఎవరి పెనిమిటికి కొత్త షిఫ్టు, ఎవరి మిరపతోటకు తెగులు, అన్నీ నోటికే. ఒక్క ఇల్లు కూడా తప్పిపోయేది కాదు. మనుషులు ఒకచోట చేరకూడదన్న ఆ రోగపు నెలల్లో కూడిక కాస్తా ఫోన్లోకి వెళ్ళిపోయింది. తర్వాత రోగం తగ్గింది, చర్చి తలుపులు తెరిచారు, కానీ గురువారం కూడిక మాత్రం మా వసారాకు తిరిగి రాలేదు. ఫోన్లో అయితే వాకిలి ఊడుస్తూ వినొచ్చు, బియ్యం కడుగుతూ వినొచ్చు. పాస్టరుగారి భార్య (మేమంతా అమ్మగారు అంటాం) వాట్సాప్ గ్రూపు పెట్టి వారానికి ఒకరికి వంతు వేసింది. వంతు వచ్చినవాళ్ళు ప్రార్థనను గొంతుతో రికార్డు చేసి పంపాలి, విన్నవాళ్ళు కింద ఆమెన్ అని పెట్టాలి. నానమ్మది బటన్ల ఫోను. వంతుల్లో ఆమె లేదు. అయినా కొన్ని గురువారాలు వసారా ఊడ్చి చాపలు పరిచి కూర్చునేది. ఎండ గడప దాకా వచ్చాక చాపలు చుట్టేసేది. ఒకరోజు చాపలు పరవలేదు. మా నాన్నను పిలిచి, తనకూ పెద్ద ఫోను తెమ్మంది.

"ఈ వయసుల నీకు ఆ ఫోనెందుకే అమ్మా?" అన్నాడు నాన్న.

"ఫోను గాదురా, నాకు నా వంతు కావాలె," అంది నానమ్మ.

ఫోను వచ్చింది. నేను గురువునయ్యాను. మైకు బొమ్మ మీద బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకోవాలి, మాట్లాడాలి, అయిపోయాక వదిలేయాలి, అంతే. నా పాఠం ఇంకా తేలిగ్గా అర్థం కావాలని ఒక గొప్ప ఉపమానం కూడా జోడించాను. "వేలిముద్ర ఏసినట్టు నొక్కు నానమ్మా," అన్నాను. నానమ్మ మొహం వెలిగిపోయింది. వేలిముద్ర వేయడంలో ఆమెకు యాభై ఏళ్ళ అనుభవం. రేషన్ దుకాణంలో, బ్యాంకులో, తాత పింఛను కాగితాల మీద, ఎక్కడ వేసినా ఒక్కసారికే అచ్చు పడేది. "గిదేనా, గింతేనా?" అంది. నా బోధనాపద్ధతికి నేనే మురిసిపోయాను.

అమ్మగారిని అడిగి వంతు వేయించుకున్నాం. ఆ గురువారం నానమ్మ తెల్లవారకముందే తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, నెత్తిన కొంగు కప్పుకుని పీట మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని మైకు మీద వేలు పెట్టింది. ఏడు నిమిషాలు ఆ వేలు కదల్లేదు. గూడెంలో ప్రతి ఇంటి పేరూ వచ్చింది, మా బర్రె కూడా వచ్చింది. చివర్లో "ఆమెన్" అంటూ, ఏళ్ళ తరబడి ఆఫీసుల్లో నేర్పినట్టు ఆ బొటనవేలిని ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి గట్టిగా దొర్లించింది. ఆ ఫోన్లో వేలు ఎడమకు జరిగితే మాట రద్దయినట్టు. తెర మీద చిన్న చెత్తబుట్ట మూత తెరుచుకుంది, ఏడు నిమిషాల ప్రార్థనను మింగింది, మూసుకుంది. నానమ్మ ఇంకా కళ్ళు తెరవలేదు.

"మళ్ళొకసారి చెయ్యి నానమ్మా," అన్నాను. చేసింది. మళ్ళీ దొర్లించింది. చెత్తబుట్ట మళ్ళీ మింగింది. ఎందుకిలా అవుతోందో నాకు అంతుపట్టలేదు (ఫోన్ల డాక్టరును కదా, రోగి చేతివైపు చూడాలని తోచలేదు). ఆపి ఆన్ చేశాను. మూడోసారీ అంతే. ఈలోగా నా కాలేజీ బస్సు టైమైపోయింది. నానమ్మ కళ్ళు తెరిచి, "పోయిందా?" అంది. "పోయింది నానమ్మా," అని బ్యాగు తగిలించుకుని పరుగెత్తాను. ఎక్కడికి పోయిందో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

సాయంత్రం గడపలోనే అడ్డుపడింది. "ఎవలన్న ఆమెన్ అన్నరా? జర సదివి చెప్పు." ఫోను తెరిచి చూశాను. నానమ్మ వంతు ఖాళీగా పోయేసరికి అమ్మగారే తన ప్రార్థన పెట్టేసింది, దాని కింద అందరూ ఆమెన్లు పెట్టారు. అక్కడే నిజం చెప్పేసి ఉంటే ఈ కథ లేదు. నేను చదవడం మొదలుపెట్టాను. "అమ్మగారు ఆమెన్ అన్నది. కిరాణం అత్త ఆమెన్ అన్నది. బాయి క్వార్టర్ల చిన్నమ్మ కూడ అన్నది." ఒక్కో పేరుకూ నానమ్మ మొహంలో వెలుగు చూస్తుంటే నాకు ఆగబుద్ధి కాలేదు. పదిమందితో ఆమెన్ అనిపించాను. కిరాణం అత్త వింటూ ఏడ్చిందని కూడా చెప్పాను. అది మాత్రం ఎందుకు చెప్పానో ఇప్పటికీ నాకు తెలియదు. నానమ్మ అన్నం ముందు కూర్చుని ఆ పది పేర్లూ మళ్ళీ ఒకసారి చదివించుకుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి రేకుల షెడ్డు కింద నానమ్మ నేరుగా కిరాణం అత్త దగ్గరికి నడిచింది. నేను రెండడుగులు వెనకే ఉన్నాను.

"నా ప్రార్థన విని ఏడ్చినవంట గద బిడ్డా. నీ కష్టం దేవునికి తెలుసు," అంది నానమ్మ ఆమె చెయ్యి పట్టుకుని.

"ఏ ప్రార్థన పెద్దమ్మా?" అంది కిరాణం అత్త.

పక్కనే ఉన్న అమ్మగారు మెత్తగా అందుకుంది. "నీది రాలేదు పెద్దమ్మా. నీకు ఫోను చేతకాలేదేమో అని నేనే పెట్టిన. ఏం ఫికరు పడకు, నీ వంతు ఇంక వేరేవాళ్ళకు ఇస్త."

నానమ్మ వెనక్కి తిరిగి నావైపు చూసింది. నేను నా చెప్పులవైపు చూసుకున్నాను. అంతమందిలో ఒక్క మాట చాలు, నా పరువు అక్కడే పోయేది. నానమ్మ ఆ మాట అనలేదు. "అవ్ అమ్మగారూ, నా ఫోను జర మొండిది. వంతు ఎవలకీ ఇయ్యకుండ్రి. ఈ గురువారం ఒక్కసారి చూడుండ్రి," అంది.

చర్చి నుంచి వస్తూ నానమ్మ మా ఇంటి మలుపు దగ్గర ఆగింది. "సదువు రాదని నాకు ఎన్నడు సిగ్గు గాలే బిడ్డా. నువ్వు సదువుతవు, నేను నమ్ముత, ఇద్దరిది కలిపితే సరిపోతదనుకున్న. నువ్వే గిట్ల చేస్తే ఇంకెవల్ని అడగాలె?" కోప్పడి ఉంటే ఓర్చుకునేదాన్ని. నడిదారిలో వెక్కివెక్కి ఏడ్చాను. నానమ్మ తన కొంగుతో నా ముక్కు తుడిచి (డిగ్రీ రెండో సంవత్సరం ముక్కు), "ఇంటికి పా, ఆ ఫోను సంగతేందో చూద్దాం," అంది.

ఈసారి కళ్ళు తెరిచే నొక్కమన్నాను. రెండు మాటలు మాట్లాడి, ఆమెన్ అని, వేలు దొర్లించింది. చెత్తబుట్ట మింగడం ఆమే చూసింది, నేనూ ఆమె వేలిని మొదటిసారి చూశాను. "దొర్లించొద్దు నానమ్మా," అన్నాను. "నువ్వే చెప్తివి గద, వేలిముద్ర ఏసినట్టని. దొర్లియ్యకపోతే అది ముద్రెట్లయితది?" అంది. నా గొప్ప ఉపమానం నా నెత్తినే పడింది. వేరే ఉపమానం కోసం నేను తడుముకుంటుంటే నానమ్మే ఆలోచించి అడిగింది. "పసిపిల్లల నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తం గద. అయినంక మెల్లగ తీస్తం. గట్లనా?" అచ్చంగా అలాగే. దానిలోనూ ఆమెకు యాభై ఏళ్ళ అనుభవమే. ఆ నాలుగు రోజులూ వంటింట్లో కూర్చుని పక్కగదిలో ఉన్న నాకు ప్రార్థనలు పంపుతూనే ఉంది, ఒక్కటీ చెత్తబుట్ట పాలు కాలేదు. అన్నిటి సారాంశం ఒక్కటే: ఈ పిల్లకు నిజం చెప్పే నోరియ్యి తండ్రీ.

ఇంకో షరతు కూడా పెట్టింది. "ఆమెన్ అని ఎట్ల రాస్తరో నాకు సూపియ్యి." పొయ్యి దగ్గరి బొగ్గుముక్కతో నేల మీద పెద్దగా రాశాను. నానమ్మ దాని చుట్టూ తిరిగి చూసింది, వేలితో దిద్దింది, చెరిపి మళ్ళీ రాయమంది. బుధవారం సాయంత్రం పరీక్ష పెట్టాను. ఆమెన్ పక్కన ఆకాశం, ఆవు, ఆదివారం రాసి, ఏది ఏదో చెప్పమన్నాను. వేలు తిన్నగా వెళ్ళి ఆమెన్ మీద ఆగింది. "మిగిలినయి ఏందో నాకెందుకు," అంది.

గురువారం వచ్చింది. నానమ్మ కళ్ళు తెరిచే ప్రార్థించింది, చూపు చెత్తబుట్ట వచ్చే మూల మీదే ఉంది. మధ్యలో, "మా గూడేన్ని నీ రెక్కల కింద దాచు తండ్రీ, ఏయ్ పిల్లా పాలు పొంగుతున్నయి సూడవే, దాచి కాపాడు తండ్రీ," అని కూడా వచ్చింది. ఆమెన్ అంది. వేలిని మెల్లగా, నిట్టనిలువుగా పైకెత్తింది. పోయింది. నిజంగా పోయింది, పాలతో సహా.

నేను ఫోను అందుకోబోతే చెయ్యి తోసేసింది. ఇద్దరం తెర వైపే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఒకటి టింగుమంది. నానమ్మ ఫోను దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. "ఇది ఆమెన్," అంది. ఇంకోటి. "ఇది గూడ." ఒకావిడ చేతులు జోడించిన బొమ్మ పెడితే, "ఇది చెల్లది, నోరు తెరిచి అనాలె," అని లెక్కలోంచి తీసేసింది. అమ్మగారు ఒక్క ఆమెన్‌తో ఆగకుండా ఏదో పొడుగ్గా రాసింది. అది మాత్రం చదవమని నాకు ఇచ్చింది. వచ్చే నెల నుంచి మొదటి గురువారం ఎప్పుడూ పెద్దమ్మదే అని రాసి ఉంది. ఉన్నది ఉన్నట్టు చదివాను. అరవై ఎనిమిదేళ్ళ మనిషి జీవితంలో మొదటి మాట చదవడం నా కళ్ళముందే జరిగింది. ఆ గర్వం నాకు తర్వాత ఏ సర్టిఫికెట్టుతోనూ రాలేదు.

ఆమె ప్రార్థన ఇప్పుడు పదకొండు నిమిషాలకు చేరింది. కాస్త తగ్గించమని చెప్పమ్మా అని గ్రూపులో వాళ్ళు నాకు ఫోన్లు చేస్తారు. ఆ కబురు నేను మోయను. అమ్మగారు నన్నూ ఆ గ్రూపులో చేర్చింది కాబట్టి ల్యాబులో చేతి తొడుగులు తీసి మరీ ఆమెన్ పెడతాను. ఒక గురువారం పనిలో పడి మర్చిపోతే మధ్యాహ్నానికల్లా ఫోను వచ్చింది. "అందరివి వచ్చినయి, నీది రాలే."

"ఎవరిది వచ్చిందో ఎవరిది రాలేదో నీకెట్ల తెలుసు నానమ్మా, ఎవరు చదివిన్రు?" అన్నాను.

"నీ పేరు ఎట్లుంటదో నేర్చుకున్న. ఆమెన్ తర్వాత అదే," అంది. ఎవరు నేర్పారని అడిగితే, నా ఆమెన్ల మీద, నా ఫొటో పక్కన ప్రతిసారీ కనపడే ముక్కను చూసి చూసి తనే పట్టుకుందట. నా పేరే ఎందుకు నేర్చుకున్నావని అడిగాను. "నీ మీద ఒక కన్నేసి ఉంచాలె గద," అని నవ్వింది. ఆనాడు లేని ఆమెన్లను గడగడా చదివేసిన ఆ పిల్లకు ఈ మాట వినిపించాలని నాకు భలే ఆశగా ఉంటుంది. ఫోను స్పీకర్లో పెట్టి ఆ రోజుది అప్పటికప్పుడే పంపాను. లైన్లో ఉండగానే, "ఆఁ, వచ్చింది," అంది నానమ్మ.