రాళ్ల వాన రోజు నేను చెప్పని మబ్బు

నా చిన్నప్పుడు నేనూ రాళ్ల వాన కోసం ఎదురుచూసినదాన్నే. అందుకే మా ఇంటి పై భాగంలో కిరాయికి ఉండే సారును చూస్తే నవ్వూ వస్తుంది, నీరసమూ వస్తుంది. ఆయన బడిలో లెక్కలు చెప్తారు. మిగిలిన వేళంతా ఆకాశంతోనే కాపురం. డాబా మీద వాన కొలిచే గొట్టం పెట్టుకున్నారు. ఫోనులో ఆయనలాంటి వాళ్లది ఒక గ్రూపు ఉంది. మూడు రోజులుగా ఆ గ్రూపులో ఎవరికీ కాలు నిలవడం లేదు. చలికాలం పోతూ పోతూ పెద్ద రాళ్ల వాన కురిపించి పోతుందట. పాలమూరు నుంచి భువనగిరి దాకా ఎక్కడ పడుతుందో తెలియదు గానీ, పడిన చోట నేల తెల్లబడి కాశ్మీరులా అయిపోతుందట. పెండ్లివారి బస్సు ఎందాక వచ్చిందని అడిగినట్టు, మబ్బు ఎందాక వచ్చిందని ఒకరినొకరు అడుగుతుంటారు. రంగురంగుల పటాలు తెచ్చి నాకూ చూపిస్తారు. నాకు రంగులు తప్ప ఏమీ అర్థం కావు.

వాళ్ల ఆరాటంలో మంచి లేదని అనను. మొన్న మా ఊరికి ఫోన్ చేసి, గొర్రెలకు ఉన్ని కత్తిరించారా అని మా చిన్నాయిన మనుమణ్ని అడిగాను. రాళ్ల వాన ముచ్చట ఫోనులో చూసి కత్తిరించడం ఆపేశామని చెప్పాడు. నా ప్రాణం కుదుటపడింది. కానీ సారు ముఖంలో ఆ వెలుగు చూసినప్పుడల్లా నాకు లోపల అలసటగా ఉంటుంది. నిన్న పొద్దున ఆయన కిందికి దిగివచ్చి, మీ చిన్నతనంలో పడ్డ పెద్ద రాళ్ల వాన ముచ్చట చెప్పండి పెద్దమ్మా, గ్రూపులో పెడతాను అన్నారు. నిమ్మకాయలంత రాళ్లు పడ్డాయని చెప్పాను. సంబరంగా రాసుకొని మెట్లెక్కి వెళ్లిపోయారు. నేను మోకాళ్లు పట్టుకొని గడప మీదే కూర్చుండిపోయాను. దాదాపు అరవై ఏళ్లుగా ఎవరడిగినా ఆ వాన గురించి రాళ్లు ఎంత లావున్నాయో అదే చెప్తున్నాను. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. మిగిలిందంతా ఇక్కడ రాస్తున్నాను.

మాది మక్తల్ దిక్కు ఒక పల్లె. గొర్రెలే మా బతుకు. నల్ల గొర్రెలు, గొంగళ్లకు పనికొచ్చే ఉన్ని గొర్రెలు. మా నాయిన, చిన్నాయిన మందను మేపుకొని వచ్చేవాళ్లు. మంద ఎటు పోవాలో చెప్పేది మాత్రం మా తాత. రోజూ పొద్దెక్కి మంచు ఆరినాక ఆయన ఇంటి ముందర అరుగు మీద నిలబడి ఆకాశం చూసేవాడు. ఆకాశం బాగుంటే మంద దూరంగా ఉన్న రేగడి చేలకు పోయేది. అక్కడ కోసిన జొన్న చేలలో మేత బాగా దొరికేది గానీ తలదాచుకోవడానికి చెట్టూ ఉండదు, బండా ఉండదు. వాన లక్షణం కనబడితే ఊరి పక్క గుట్ట దగ్గరే మేపేవాళ్లు. అక్కడ పెద్ద గుండ్ల కింద మందంతా దూరేటంత జాగా ఉండేది. మా వాడకట్టులో మరో మూడిళ్ల వాళ్లు కూడా మా తాత నోటిమాట కోసం అరుగు ముందర వచ్చి నిలబడేవాళ్లు. ఆ ఒక్క మాటలోనే ఆయన పెద్దరికమంతా ఉండేది.

అయితే ఆయన కండ్లకు పొర వచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకు తప్ప. నడవడం, తినడం, గొర్రెను తడిమి దాని వయసు చెప్పడం అన్నీ అలవాటు మీద నడిచిపోయేవి గనుక ఎవరికీ అనుమానం రాలేదు. రోజూ నా భుజం మీద చెయ్యి వేసి పడమర దిక్కు తిరిగేవాడు. ముద్దు చేస్తున్నట్టుగా తల వంచి, అక్కడ ఏమున్నదో నన్ను మెల్లగా అడిగేవాడు. నేను ఆయన చెవిలో చెప్పేదాన్ని. అప్పుడు గొంతు సవరించుకొని, అందరికీ వినబడేటట్టు మంద ఎటు పోవాలో చెప్పేవాడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. నా మాట మీద నాలుగిళ్ల మందలు కదులుతున్నాయని ఎంత మిడిసిపడేదాన్నో చెప్పలేను.

ఇక రాళ్ల వాన పిచ్చి నాకు ఎట్లా పట్టిందంటే, అది మా అవ్వ పుణ్యం. తన చిన్నతనంలో ఆకాశం నుంచి పడ్డ రాళ్లను చెంబులో ఏరుకొని, బెల్లం ముక్కతో కలిపి నమిలేవాళ్లమని ఆమె ఊరించి ఊరించి చెప్పింది. ఐసు అనేదాన్ని నేను మక్తల్ సంతలో ఒకే ఒక్కసారి చూశాను. చూడడమే, తినలేదు. అప్పట్నుంచి నేనూ, చిన్నాయిన బిడ్డలిద్దరూ మబ్బు కనబడితే చాలు గ్లాసులు పట్టుకొని వాకిట్లో తిరిగేవాళ్లం. రెండుసార్లు రాళ్ల మబ్బు ఊరి మీది దాకా వచ్చింది. రెండుసార్లూ మా అవ్వ రోకలి తెచ్చి వాకిలి నడుమ నిలబెట్టింది. రోకలి నిలబెడితే రాళ్ల వాన మళ్లిపోతుందని మా దిక్కు నమ్మకం. నిజంగానే రెండుసార్లూ మళ్లిపోయింది. మేము ముగ్గురం ఏడ్చినంత పని చేశాం. అవ్వ మాకు పగదానిలా కనబడింది.

ఆ ఏడు మాఘమాసం చివర్లో గొర్రెలకు ఉన్ని కత్తిరించారు. ఏటా చలి తగ్గిందని నమ్మకం కుదిరినాకే ఆ పని చేస్తారు. ఉన్ని తీసిన గొర్రె, ఒంటి మీది బట్ట లాగేసిన పసిబిడ్డతో సమానం. పది పదిహేను రోజులు అది గాలికీ వానకూ తట్టుకోలేదు. ఆ రోజుల్లో మా తాత ఆకాశం గురించి నన్ను ఒకటికి రెండుసార్లు అడిగేవాడు. ఎందుకు అడుగుతున్నాడో కూడా చెప్పాడు. నాకు తెలియక కాదు.

ఉన్ని తీసిన మూడో రోజు సాయంత్రం రాయచూరు దిక్కు నుంచి గాలి తిరిగింది. రేపు రాళ్లు పడతాయని చిన్నాయిన పెద్ద బిడ్డ చెప్పింది. అది నాకంటే పెద్దది, ఇలాంటి విషయాల్లో మాకు గురువు. మేము చేసిన మొదటి పని, అవ్వ రోకలిని తీసుకుపోయి చొప్ప కుప్పలో దాచిపెట్టడం.

మరునాడు పొద్దున పడమర అంచున మబ్బు నిలబడి ఉంది. పైన దూది కుప్పలా తెల్లగా, కింద నేరేడు పండు రంగు. అంత చక్కగా, అంత స్పష్టంగా నేను మళ్లీ ఏ మబ్బునూ చూడలేదు. తాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"బిడ్డా, పడమర ఏమన్న ఉన్నదా?"

చెప్తే తాత గట్టిగా అంటాడు. అవ్వ వింటుంది. రోకలి కోసం వెతికి పట్టుకుంటుంది, లేదంటే పక్కింటి రోకలి తెస్తుంది. నా ఆలోచన అంతవరకే పోయింది. గొర్రెలు నా తలలోకే రాలేదు. వచ్చాయని అబద్ధం చెప్పి ఇప్పుడు మంచిదాన్ని అనిపించుకోలేను.

"ఏం లేదు తాతా. తెల్లగ ఉన్నది."

"మల్ల జర చూడు. గాలి సల్లగ తాకుతాంది."

"ఏం లేదు తాతా."

ఆయన గొంతు సవరించుకొని, రేగడి చేలకు పోండి అన్నాడు. మా నాయిన ఒకసారి పడమటి దిక్కు చూసి, అదేమిటని అడిగినట్టు తాత ముఖం చూశాడు. అయినా ఎదురు చెప్పలేదు. తాత మాట మీద మాట అనడం మా ఇంట్లో లేదు. నాలుగు మందలూ కదిలిపోయాయి.

మధ్యాహ్నం దాటినాక చీకటయింది. మొదటి రాయి రేకుల మీద పడి టప్పుమంది. మేము ముగ్గురం కేకలు వేస్తూ వాకిట్లోకి ఉరికాం. రాళ్లు గింజల్లా మొదలై చూస్తుండగానే నిమ్మకాయలంత అయ్యాయి. నా గ్లాసు నిండింది. నా లంగా చెరగులో బెల్లం ముక్క సిద్ధంగా ఉంది. లోపల అవ్వ రోకలి ఏదని ఇల్లంతా వెతుకుతోంది. అప్పుడు తాత అరుగు దిగి వచ్చాడు. తల మీద గుడ్డ కూడా లేదు. రాళ్లు నెత్తి మీద పడుతుంటే గోడ పట్టుకొని పడమర దిక్కు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఆ ముఖం చూసినాక నాకు మంద గుర్తొచ్చింది. ఉన్ని లేని మంద, చెట్టూ బండా లేని రేగడి.

రాళ్లు తగ్గగానే వాడకట్టు వాడకట్టంతా ఇండ్లలో ఉన్న గొంగళ్లు మోసుకొని చేలకు ఉరికింది. వాళ్ల వెనుక నేనూ ఉరికాను. సారు గ్రూపు వాళ్లు కోరుకుంటున్న తెల్లటి నేల నేను ఆ రోజు చూశాను. నల్లరేగడి కనుచూపు మేర తెల్లబడింది. దాని నడుమ మా గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకొని గడ్డకట్టినట్టు నిలబడ్డాయి. మా నాయిన గొర్రెపిల్లల మీద బోర్లా పడుకొని ఉన్నాడు. ఆయన వీపంతా కమిలిపోయింది. చిన్నాయిన నుదురు పగిలి నెత్తురు కారుతోంది. గొంగళ్లు కప్పారు, చొప్ప మంటలు వేశారు, చేతులతో రుద్దారు. అయినా చలికి ఒక్కొక్కటే ఒరిగిపోయింది. మా ఒక్క మందలోనే పద్నాలుగు పోయాయి. కప్పిన గొంగడి కిందే చచ్చిపోయిన గొర్రెను చూసి మా నాయిన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సాయంత్రం ఇంటికి వచ్చినాక మా నాయిన తాత ముందర నిలబడి, అంత మబ్బు పెట్టుకొని రేగడికి ఎందుకు పొమ్మన్నావని అడిగాడు. నేను తలుపు చాటున ఉన్నాను. నన్ను పిలుస్తాడని, పిలిస్తే చచ్చిపోవాలని అనుకుంటూ ఉన్నాను. తాత నా దిక్కు తిరగనైనా తిరగలేదు.

"నా కండ్లకు మబ్బు ఆనలేదురా. పొర వచ్చి ఏడాదాయె. మీకు చెప్పకుంట దాసిన. తప్పు నాదే."

ఏడాదిపాటు ఎవరికీ తెలియకుండా కాపాడుకున్న సంగతిని ఆయన అట్లా బయట పెట్టేశాడు. కనబడకపోతే ముందే చెప్పొద్దా నాయినా అని మా నాయిన గట్టిగానే అన్నాడు. ఇక మంద సంగతి నీకొద్దని కూడా అన్నాడు. మరునాటి నుంచి చిన్నాయిన ఆకాశం చూడడం మొదలుపెట్టాడు. పక్కిండ్ల వాళ్లు మా అరుగు ముందర నిలబడడం మానేశారు. తాత మాత్రం అలవాటు కొద్దీ అదే వేళకు వచ్చి కూర్చునేవాడు. ఆయన ముందు నుంచే మందలు పోయేవి, ఆయనను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

నాలుగు రోజులు నేను ఆయన ఎదుటికి పోలేదు. అయిదో రోజు పోయి పక్కన కూర్చున్నాను. మాట ఎట్లా మొదలుపెట్టాలో తెలియక గోర్లు గిల్లుకుంటున్నాను. ఆయనే అడిగాడు.

"రాళ్లు తిన్నవా బిడ్డా?"

ఆ ఒక్క మాటతో ఆయనకు అంతా తెలుసని నాకు అర్థమైంది. తినలేదని తల ఊపాను. ఆయనకు కనబడదని గుర్తొచ్చి, తినలే తాతా అన్నాను. గంత ఆశపడితివి గద, ఒకటన్న నోట్లేసుకోకపోతివా అన్నాడు. ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే బాధపడి అన్నాడు. నన్ను కొట్టి ఉంటే నేను ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఏడ్చి ఏడ్చి, నాయినకు చెప్పేస్తానన్నాను. ఆయన వద్దన్నాడు.

"గుడ్డి ముసలోడు మందను ఆగం చేసిండని నాలుగు దినాలు అని ఊకుంటరు. నీ పేరు చెప్తే జిందగంత అంటరు."

తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, పడమర ఏమున్నదో చెప్పమన్నాడు. ఆ మాట ఇప్పుడు ఏ మందకూ పనికిరాదని మా ఇద్దరికీ తెలుసు. అయినా ఉన్నదంతా చెప్పాను. మబ్బు ఎంత, రంగేమిటి, గద్ద ఎటు తిరుగుతోంది, గుట్ట మీద దుమ్ము లేస్తోందా లేదా, ఏదీ వదలకుండా చెప్పాను. ఆయన బుద్ధిగా విన్నాడు. నా మాట నిజమా కాదా అని ఒక్కసారి కూడా మళ్లీ అడగలేదు. పోయేదాకా, మరో రెండేళ్లు, రోజూ అట్లాగే చెప్పాను.

పెద్దయినాక పాలమూరు దవాఖానలో నర్సు పని చేశాను. జ్వరం ఎంతుంటే అంతే చెప్పేదాన్ని. బాగయిపోతుందని ఒక్క మాట అనవచ్చు కదా సిస్టర్ అని చుట్టాలు బతిమాలితే, నాకూ అనాలనే ఉండేది. నోరు వచ్చేది కాదు. మనసు లేనిదని నాకు పేరొచ్చింది. చూసింది చూసినట్టు చెప్పడం గొప్ప గుణమేమీ కాదు, మోయలేని బరువు. దించుదామంటే ఎక్కడ దించాలో తెలియదు.

మా నాయిన ముసలితనంలో నా దగ్గరే ఉన్నాడు. మాటల్లో మాటగా, మీ తాత మందకు దేవుడసొంటోడు, గా ఒక్క దినమే మబ్బు చూడలేకపోయిండు అనేవాడు. నేను ఆయనకు అన్నం పెడుతూ విన్నాను, కాళ్లు ఒత్తుతూ విన్నాను. తాత మాట అడ్డం పెట్టుకొని ఊరుకున్నాను. నాకు యాభై దాటినా, మనుమలు పుట్టినా ఊరుకున్నాను. అది తాత మాట మీద గౌరవం కాదు, నా పిరికితనం. నాయిన పోయి పదేళ్లయింది. ఇక వినేవాళ్లు లేరు గనుక ఇప్పుడు చెప్తున్నాను. నాయినా, ఆ రోజు మా తాత మబ్బు చూడడంలో తప్పు చేయలేదు. ఆయన నన్ను రెండుసార్లు అడిగాడు. నాకు కనబడింది. లేదని చెప్పాను.