కండ్లు మూసుకో

ఇయ్యాల ఇంట్ల కంప్యూటర్ సెట్టింగ్స్ బిడ్డ ముట్టకుండ పాస్‌వర్డ్ పెడుతుంటే, బీడీల ఆకు వాసన కొట్టినట్టయింది.

బోధన్‌ల మా ఇంట్ల అమ్మ బీడీలు చుడుతుంటే, బాపు పక్కనే కూసోని బీడీలోళ్ల పెన్షన్ దరఖాస్తులు కంప్యూటర్ల టైపు కొట్టేది. బాపు చాయ్‌కు పోయిన సందుల, గేమ్‌కు జాగ సాల్తలేదని తెలుగు ఫాంట్లన్ని తీసేసిన. దరఖాస్తులల్ల అక్షరాలు పోయి ఉత్త డబ్బలు మిగిలినయ్! దరఖాస్తు కోసం వచ్చిన ముసలామె గడప కాడనే కూసున్నది. బాపు చెప్పుల సప్పుడు ఇనంగనే తెర మీద తువాల కప్పి, ఆకుల గంప ఎన్క దాక్కున్న. మీకు యాదికున్నదా దోస్తులూ, గసొంటి భయం?

బాపు కొట్టలే. ఫాంట్లు మళ్ల ఎక్కిచ్చి, పాస్‌వర్డ్ పెట్టుకుంట "కండ్లు మూసుకో" అన్నడు. నేను భయంతోని గట్టిగ మూసుకున్న.

ఇయ్యాల నేనేం అనకముందే నా బిడ్డ కండ్లు గట్టిగ మూసుకున్నది. గట్ల మూసుకోవాల్నని దానికి ఎవలు చెప్పిన్రు? అది గూడ నాలెక్కనే భయపడ్డదేమో, నన్ను జూస్తే నాకే బుగులైతుంది.