నా లివర్ తరఫున మాస్టారి వకాల్తా

మా మామిడికాయల షెడ్డు పక్కింట్లో ఉండే రిటైర్డ్ జువాలజీ మాస్టారు బుధవారం పొద్దున పోయారు. ఎనభై దాటిన గుండె నిద్రలోనే ఆగిందట. కబురు విన్నప్పుడు నేను బంగినపల్లి కాయలు ఏరుతున్నాను. ఏడుపుకంటే ముందు కోపమొచ్చింది. పనికిమాలినవాళ్లు బోలెడుమంది ఉండగా ఈయనే దొరికారా దేవుడికి?

ఆయనే లేకపోతే నూజివీడులో నేను తాగుబోతుగానే మిగిలేవాణ్ణి. సంగతేంటంటే, కాయలు ఏరేవాళ్లం కూర్చున్నచోటి నుంచి కదలం. పగిలిన రసాల పళ్లు అమ్ముడుపోవు, ఇంటికి పట్టుకెళ్లనివ్వరు. అక్కడే తినెయ్యాలి, అది మా హక్కు. ఆ హక్కును రెండు సీజన్లు ఒక్కపూట వదలకుండా వాడుకున్నాను. పైన కూల్‌డ్రింకు. పొట్ట పెరిగింది. స్కానింగులో ఫ్యాటీ లివర్ అని తేలింది. స్కానింగు చేసినాయన నా మొహమైనా చూడకుండా "మందు మానెయ్" అన్నాడు. జన్మలో ముట్టని నాకు! మాట షెడ్డంతా పాకింది. అమ్మ అన్నం పెట్టేది కానీ మాట్లాడటం మానేసింది.

మాస్టారు నేను పట్టుకెళ్లి చూపించిన రిపోర్టు చదివి, చెప్పులేసుకుని నేరుగా మా ఇంటికొచ్చారు.

"చూడమ్మా, లివర్‌లో ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని బుల్లి పొయ్యిలుంటాయి. తిన్న కొవ్వునీ తీపినీ కాల్చి శక్తి చేసేవి అవే. మీవాడు కదలడు, మేత ఆపడు. అవి కొన్నాళ్లు ఒళ్లొంచి పనిచేశాయి. ఇప్పుడు అలిసిపోయి పొగలొదులుతున్నాయి. కాలని సరుకంతా కొవ్వై పేరుకుంది."

"మరి స్కానింగాయన మందు మానమన్నాడు కదండీ?"

"తాగేవాళ్లకీ ఇలాగే అవుతుంది, అడక్కుండానే అనేసుంటాడు. వీడిది తిండిపోతు లివరమ్మా!"

అమ్మ నన్ను ఎగాదిగా చూసి, "అదైతే నమ్ముతానండీ" అంది.

మర్నాటి నుంచి తెల్లారకముందే మా తలుపు దబదబా బాదేవారు. "నడిస్తే కండల్లో కొత్త పొయ్యిలు పుడతాయిరా, లే!" హనుమాన్ జంక్షన్ రోడ్డు మీద ఆయన ముందు, నేను రొప్పుతూ వెనక. "ఏరా, లోడు లారీలా మూలుగుతున్నావ్?" పదో తరగతి తప్పిన నాకు తన పుస్తకాలిచ్చారు. అర్థం కాలేదంటే సంతోషించేవారు. "అర్థమైందని కోతలు కోసేవాడికంటే నువ్వు నయం" అనేవారు. మొన్నటి స్కానింగులో కొవ్వు తగ్గితే, రిపోర్టు వీధంతా చూపించి వచ్చారు.

బుధవారం ఆయన వాకిట్లో ఎవరో ఆడమనిషి అమ్మని అడిగింది: "మీకేమవుతారండీ?"

అమ్మ ముక్కు చీది, అందరికీ వినపడేలా చెప్పింది: "మావాడు మందు ముట్టడండీ. మాస్టారే చెప్పారు."

ఏడుస్తున్నవాళ్లంతా తలెత్తి నా పొట్టకేసి చూశారు. అమ్మ మాత్రం ఆయన పాదాల దగ్గర కూర్చుని, నడిచి నడిచి పగిలిన ఆ మడమలను కొంగుతో మెల్లగా తుడుస్తూ ఉండిపోయింది.