ఇంజిను ఆపినా ఆగని చక్రం

మొన్న మా అమ్మాయి ఏర్పేడు దగ్గర తను చదివే కాలేజీకి తీసుకుపోయి, వాళ్ళ ప్రయోగశాలలో ఒక చక్రాన్ని చూపించింది. ఇనప పెట్టెలో ఉంది. చిన్న గాజు కిటికీలోంచి తొంగి చూడాలి. "లోపల గాలి తీసేసినామమ్మా. అయస్కాంతాల మీద తేలతా తిరగతాది. కరెంటు పెట్టి తిప్పితే, పెట్టిన దాంట్లో చానా వరకు కావాల్సినప్పుడు వెనక్కిస్తాది" అంది. ఎంత నున్నగా తిరుగుతోందంటే, తిరుగుతోందో ఊరికే ఉందో నాకు తెలియలేదు. నేనడిగింది ఒక్కటే. "నిలపాలంటే ఎట్ల?" అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నేను కాపురానికి వచ్చిన ఏడు బంగారుపాళ్యం పక్కన మా చేలో చెరకు గానుగ ఆడేది. బావ ఆయిల్ ఇంజిను దగ్గర, అత్తా, తోడికోడలు అక్కా గానుగ దగ్గర, నేను పిప్పి ఎండబెట్టే చోట, మా ఆయన బెల్లం కాచే పొయ్యి దగ్గర. ఊరంతా కాగే బెల్లం వాసన. ఇంజినుకు నా నడుమెత్తు బరువు చక్రం ఉండేది, దాని మీంచి గానుగకు బెల్టు. మా అత్తకు ఓపిక తక్కువ. గడలు మోపుగా కుక్కేది, రోలర్లు బిగుసుకుని గానుగ నిలిచిపోయేది, బావ అరిచేవాడు. రోజుకొకసారైనా ఈ కచేరీ తప్పేది కాదు.

ఆ పొద్దు అక్క కొంగు జారి గడలతో పాటు రోలర్ల మధ్యకు పోయింది. కొంగు తప్పించబోయిన చేతివేళ్ళు కూడా పోయాయి. అక్క అరుపుకు బావ డీజిల్ ఆపేశాడు. ఇంజిను చప్పుడు ఆగింది. చక్రం ఆగలేదు. బెల్టు తిరుగుతూనే ఉంది, రోలర్లు అక్కను లోపలికి లాగుతూనే ఉన్నాయి. నేను పరిగెత్తి ఆమె నడుము వాటేసుకుని వెనక్కి గుంజాను. చీర చిరగలేదు. చివికిన చీర కట్టుకోకుండా కొత్తది కట్టుకున్నందుకు ఆ క్షణంలో ఆమెను తిట్టుకున్నాను.

"ఆపు నాయనా, ఆపు!" అని అత్త కేక.

"ఆపేసినాను అమ్మా! సక్రం నిలవలేదు!" అంటూ బావ వట్టి చేతులతోనే ఆ చక్రం పట్టుకోబోయి, విసిరేసినట్టు పక్కకు పడ్డాడు.

అక్క అరవడం మానేసి నా పేరు పిలుస్తోంది, మెల్లగా, పక్క గదిలోంచి పిలిచినట్టు. నా చేతులు జారుతున్నాయి.

"ఏమ్మే, పట్టు ఇడవబాక!" అని అత్త పక్కనున్న చెరకు మోపు మోపుగానే ఎత్తి, అక్క చేతికి ఇవతల రోలర్లలోకి కుక్కింది. ఇంకొకటి కుక్కింది. గానుగ మూలిగింది, చట్రం అదిరింది, బెల్టు కాలిన వాసన వచ్చింది. అంతా బిగుసుకుని నిలిచిపోయింది.

బావా, మా ఆయనా కలిసి ఆ చక్రాన్నే అంగుళం అంగుళంగా వెనక్కి తిప్పితే చెయ్యి బయటికి వచ్చింది. చిత్తూరు ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. చెయ్యి దక్కింది, మనిషి దక్కింది. అట్లా ఎందుకు చేశావని అత్తనడిగితే, "దినామూ గానుగ నిలిసిపోయేది నా సేతిలోనే కదా" అంది.

ఇదంతా చెబితే అమ్మాయి గాజు కిటికీలోంచి చక్రం వంక మళ్ళీ చూసింది. తర్వాత అంది: "అవ్వ చేసిందే సరైందమ్మా. ఊరికే వదిలేస్తే చక్రం చానాసేపు తిరగతాది. దాంట్లో దాచిందంతా ఖర్చు కావాలంటే మోయలేనంత పని పెట్టాల."

అత్త ఇప్పుడు లేదు. ఆ రోజు ఒక నిమిషం కూడా పట్టలేదంటాడు బావ. నాకు ఒక పూట గడిచినట్టు గుర్తు. అక్కనడిగితే, "నేనింకా ఆడనే ఉండాను మే" అంటుంది. జరిగిపోయిన కాలం అందరికీ గడిచిపోదు.