సగానికి మరిగిన నీళ్లు

ముసునూరు పక్క మామిడి తోటల్లో బోరు నీళ్లు పరీక్షించే ఇన్నమ్మ, చెట్టు నీడన నిలబడి ఎప్పుడూ గాజుగొట్టం చూడదు. ఆకుల పచ్చదనం రంగును మార్చేస్తుందని ఎండలోకొచ్చి, తెల్ల రుమాలు వెనక పట్టి, ఒక కన్ను మూసి చూస్తుంది. మందు చుక్కలు కలిపిన నీళ్లు గులాబీగా నిలిస్తే భయం లేదు. పసుపుకు తిరిగితే కీళ్లు బిగదీసే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ పనికి ముందు పదిహేనేళ్లు ఆశా కార్యకర్తగా గడప గడపకూ తిరిగింది. అన్ని గడపల్లోనూ ఒకటే మాట చెప్పింది: “నీళ్లు బాగా మరగకాచి తాగండి.”

ఆ పొద్దున నాగేశ్వరమ్మ గారి బోరు నీళ్లలో ఒక్క మిల్లీగ్రామే తేలింది. “లిమిట్ లోపే ఉందండీ, తాగొచ్చు,” అంటూ పంపు మీద నీలం చుక్క పెట్టబోయింది ఇన్నమ్మ. నాగేశ్వరమ్మ గోడ పట్టుకుని, వంగని మోకాళ్లతో మెట్టు దిగింది. “మరి నాకీ కాళ్లేంటమ్మా ఇట్టా బిగుసుకుపోయినయ్యి? నువ్వు చెప్పిన దగ్గర్నుంచి బిందెడు నీళ్లు సగమయ్యేదాకా కాగబెట్టే తాగుతున్నా. ఒక్క పూట తప్పలేదు.” ఇన్నమ్మ చేతిలో కుంచె ఆగిపోయింది. కాస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. ఈ నీళ్ల పరీక్ష కిట్టు ఇచ్చిన రోజున శిక్షణలో ఆ మాట చెప్పారు. తను విన్నది. పాత గడపలకు మళ్లీ వెళ్లి చెప్పలేదు. వంటింట్లో కాచిపెట్టిన నీళ్లు అడిగి తెచ్చి, మందు కలిపి, ఎండలో రుమాలు పట్టింది. పసుపు. “ఎట్టా ఉన్నయ్యమ్మా? మంచియ్యేగా?” అంది నాగేశ్వరమ్మ. ఇన్నమ్మ గొట్టం పట్టుకుని మెల్లగా మామిడి చెట్టు నీడలోకి నడిచి, అక్కడ మళ్లీ పైకెత్తి చూసింది. నీడలోనూ పసుపే.